గూటిలో కూర్చున్న పిట్టకు గింజ దొరకదు

తెల్లవారుజామున ఒక్కసారి ఇంటి ముంగిట్లోకి వచ్చి నిలబడి చూడండి. చీకటి ఇంకా పూర్తిగా విడిపోదు. మస్జిద్ నుంచి ఫజర్ అజాన్ వినిపిస్తూ ఉంటుంది. వేపచెట్టు మీద కాకులు అప్పటికే లేచి ఉంటాయి. కరెంటు తీగ మీద ఏట్రింత కూస్తూ ఉంటుంది. చూరు కింద పిచ్చుకల కిచకిచలు మొదలవుతాయి. కాస్త వెలుతురు పరుచుకునేసరికి ఆ చెట్టు దాదాపు ఖాళీ అవుతుంది. ఏ పిట్ట పని మీద ఆ పిట్ట వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఇంట్లోకి తిరిగి చూడండి. అర్ధరాత్రి దాటేదాకా సెల్‌ఫోను చూసిన కుర్రవాడు ముసుగు తన్ని పడుకుని ఉంటాడు. తల్లి రెండుసార్లు పిలుస్తుంది. ‘లేస్తాను అమ్మీ’ అని అటు తిరిగి పడుకుంటాడు. ఎండ ఎక్కాక లేస్తాడు. పనీపాటా సంగతి తండ్రి అడిగితే ‘నసీబులో ఉంటే అదే వస్తుంది’ అంటాడు.

నసీబు మాట నిజమే. ఉపాధి ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. కాని ఆ మాట చెట్టు మీది పిట్టకు కూడా వర్తిస్తుంది గదా! దాని ఉపాధి కూడా అల్లాహ్ చేతిలోనే ఉంది. అయినా అది పడుకోలేదు. నసీబును నమ్ముకున్న మన కుర్రవాడికి, నసీబును నమ్ముకున్న ఆ పిట్టకు ఉన్న తేడా ఏమిటి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే చాలు, పక్షి నుంచి మనం నేర్చుకోవలసింది చాలావరకు నేర్చుకున్నట్లే.

ఉదయం ఆకలి, సాయంత్రం తృప్తి

హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉంది. జుమా ప్రసంగాలలో మనలో చాలామంది విన్నదే. అల్లాహ్ మీద పెట్టుకోవలసిన నమ్మకం మనం సరిగ్గా పెట్టుకుంటే, పక్షులకు దొరికినట్లే మనకూ ఉపాధి దొరుకుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అందులో బోధించారు. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లిన పక్షి సాయంత్రానికి కడుపు నిండి వస్తుందని ఆ హదీసు మనకు గుర్తు చేస్తుంది.

ఈ హదీసును కొందరు సగమే వింటారు. పక్షికి దున్నే పొలం లేదు, దాచే గాదె లేదు, అయినా తింటోంది, కనుక మనమూ కూర్చుని తినవచ్చు అనుకుంటారు. కాని ప్రవక్త (స) చూపిన పక్షి గూటిలో కూర్చున్న పక్షి కాదు. అది వెళ్లింది, తిరిగి వచ్చింది. ఆ రెండు రాకపోకల మధ్య రోజంతా గడిచింది. గింజ కోసం వెదికింది, గద్ద కంట పడకుండా తప్పించుకుంది, ఒక పొలంలో దొరకకపోతే మరో పొలానికి ఎగిరింది. ఆ శ్రమనంతా కలుపుకునే ప్రవక్త (స) దానిని తవక్కుల్‌కు ఉదాహరణగా చూపారు.

హిజ్రీ మూడవ శతాబ్దంలో బాగ్దాదులో జీవించిన ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఒక మనిషి ఇంట్లోనో మస్జిద్‌లోనో కూర్చుని, ఉపాధి తనంతట తానే వచ్చేదాకా ఏ పనీ చేయనని అంటే అతన్ని ఏమనాలి అని అడిగారు. అతను ధర్మజ్ఞానం లేనివాడని ఇమాం గారు జవాబిచ్చారు. అందుకు రుజువుగా ఆయన చూపింది కూడా ఈ పక్షుల హదీసే! మనం సోమరితనానికి సాకుగా వాడుకునే హదీసును ఆ మహా పండితుడు సోమరితనాన్ని ఖండించడానికి వాడారు.

తిర్మిజీలోనే మరొక సంఘటన ఉంది. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒకాయన అడిగాడు. ముందు కట్టు, తరువాత నమ్ముకో అని ప్రవక్త (స) చెప్పారు. ఒంటెవానికి తాడు ఎలాగో, పిట్టకు రెక్క అలాగు. గింజను పుట్టించడం అల్లాహ్ పని. రెక్క ఆడించడం పిట్ట వంతు.

ప్రయాణానికి ముందు పాథేయం

రెక్క ఆడించడం అంటే కంటికి కనిపించే ఎగరడం ఒక్కటే కాదు. ఎగరడానికి ముందు చేసుకునే ఏర్పాటు కూడా అందులో భాగమే. గాడ్విట్ అనే నీటి ఒడ్డు పక్షి ఒకటి ఉంది. 2022 అక్టోబరులో ఈ జాతికి చెందిన ఒక పక్షి అమెరికాలోని అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి దాకా ఎక్కడా వాలకుండా ఎగిరింది. సుమారు 13,500 కిలోమీటర్లు, 11 రోజులు. తిండి లేదు, నీళ్లు లేవు, కింద అంతా సముద్రం. శాస్త్రజ్ఞులు దాని ఒంటికి అమర్చిన చిన్న పరికరం ఉపగ్రహం ద్వారా ఈ దారిని చూపింది. ఇంతకూ ఆ పక్షి వయసు అయిదు నెలలే!

ఇది ఎలా సాధ్యమైంది? బయల్దేరే ముందు వారాల తరబడి ఈ పక్షులు బురద నేలల్లో పురుగులను, నత్తలను మేసి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. గాలి అనుకూలించే రోజు చూసుకుని రెక్క విప్పుతాయి. ఆ తరువాతి ప్రయాణం దైవాధీనం. ముందరి ఏర్పాటులో మాత్రం లోపం ఉండదు.

యమన్ ప్రాంతం నుంచి కొందరు చేతిలో ఏమీ లేకుండా హజ్ యాత్రకు వచ్చేవారని, తాము అల్లాహ్‌ను నమ్ముకున్నవాళ్లమని చెప్పుకుంటూ మక్కాలో జనాన్ని యాచించేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఇది బుఖారీ గ్రంథంలో ఉంది. అప్పుడే ప్రయాణ సామగ్రి వెంట తీసుకోమని ఆదేశించే ఆయతు (అల్ బఖర: 197) అవతరించింది. అన్నిటికన్నా మేలైన పాథేయం దైవభీతి అని కూడా ఆ ఆయతే నేర్పింది. అంటే గుండెలో దైవభీతి ఉండాలి, చేతిలో రొట్టెల మూట కూడా ఉండాలి. పరీక్షకు చదవకుండా దుఆ చేయించుకోవడానికి తిరిగే విద్యార్థి, లెక్క రాసుకోకుండా బర్కత్ లేదని బాధపడే దుకాణదారు ఈ ఆయతును మళ్లీ ఒకసారి చదువుకోవాలి.

తేలిక ఒళ్లు, బరువు బతుకు

పక్షి చురుకుదనానికి మూలం దాని తేలికదనం. దాని ఎముకలు చాలావరకు లోపల బోలుగా ఉంటాయి. ఆ బోలులో సన్నని అడ్డుకమ్ములు ఉండి ఎముక విరగకుండా కాపాడతాయి. పళ్లు, దవడల బరువు లేదు, తేలికైన ముక్కు ఉంది. ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి తిత్తులు ఉంటాయి గనుక ఎగిరేటప్పుడు దానికి ఆయాసం రాదు. రెక్కలను చాపుతూ ముడుస్తూ తల మీదుగా ఎగిరే పక్షులను చూడమని దివ్య ఖుర్ఆన్ (అల్ ముల్క్: 19) మనిషిని పిలుస్తుంది. వాటిని ఆ గాలిలో నిలిపేది కరుణామయుడే అని గుర్తు చేస్తుంది.

పక్షి తన ఒంటి మీద అవసరం లేని బరువును మోయదు. మరి మనం? పెళ్లి వచ్చిందంటే ఫంక్షన్ హాలు, వందలాది మందికి బిర్యానీ, జోడే కీ రఖం, లేన్‌దేన్, ఊరంతా చెప్పుకోవాలన్న ఆరాటం. దాని కోసం చేసిన అప్పు పిల్లలు పుట్టి బడికి వెళ్లేదాకా తీరదు. ఇంతటి బరువు మెడకు కట్టుకున్నవాడు కొత్త పని నేర్చుకోవడానికి, కొత్త ఊరు వెళ్లడానికి ధైర్యం చేయగలడా? కాలు కదిపితే వడ్డీవాడు గుర్తొస్తాడు.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ప్రవక్త (స) తరచుగా చేసే ఒక దుఆను ఆయన మనకు అందించారు. దిగులు నుంచి, అశక్తత నుంచి, సోమరితనం నుంచి, పిసినారితనం నుంచి, పిరికితనం నుంచి శరణు కోరే దుఆ అది. ఆ వరుసలోనే అప్పుల భారం నుంచి కూడా శరణు కోరడం ఉంది. సోమరితనం, అప్పు ఒకే దుఆలో ఎందుకు వచ్చాయో ఆలోచించండి. ఒకటి లోపలి నుంచి రెక్కను కట్టేస్తుంది. రెండోది బయటి నుంచి కట్టేస్తుంది.

మరొక సంగతి. పక్షి ఎంత తొందర పనిలో ఉన్నా రోజుకు చాలాసార్లు ఆగి ముక్కుతో ఈకలను సరిచేసుకుంటుంది. చెదిరిన ఈకను దువ్వి, దుమ్మును, పురుగును తీసేస్తుంది. ఆ పని మానేస్తే అది సరిగా ఎగరలేదు. రోజుకు అయిదు పూటలు వుజూ చేసి నమాజుకు నిలబడే మనిషికి ఈ పోలిక వేరే చెప్పనక్కరలేదు. నమాజు వల్ల పని చెడిపోతుందని అనుకునేవాడు ఈక దువ్వుకునే పిట్టను చూడాలి.

గిజిగాడు, ఒక నిరుద్యోగి

మన పల్లెల్లో బావి గట్టున, తాటి మట్టలకు, తుమ్మ కొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లు చూడని వారు ఉండరు. వరి ఆకును, గడ్డి ఆకును ముక్కుతో చీల్చి, ఆ పీచును తెచ్చి, ముడి వేసి అల్లుతుంది మగ గిజిగాడు. ఒక్క గూటి కోసం వందలాది సార్లు తిరుగుతుంది. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి లోపలికి వెళ్లి చూస్తుంది. నచ్చితే సరి. నచ్చకపోతే ఇంత కష్టమూ వృథా. అప్పుడు మగపిట్ట అలిగి కూర్చోదు. మరో గూడు మొదలుపెడుతుంది.

ఈ పిట్టను శ్రద్ధగా గమనించి, దాని జీవితాన్ని లోకానికి తెలిపిన వ్యక్తి డాక్టర్ సలీం అలీ. ఆయన 1896లో బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఊహ తెలిసేలోగానే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగారు. చిన్నతనంలో సరదాగా ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి ఆశ్చర్యపోయారు. అది ఏ పిట్టో తెలుసుకోవాలన్న కుతూహలమే ఆయనను పక్షి శాస్త్రానికి మళ్లించింది. కాలేజీ చదువు సవ్యంగా సాగలేదు. బర్మాలో చేసిన వ్యాపారం కలిసిరాలేదు. జర్మనీ వెళ్లి పక్షి శాస్త్రంలో శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి ఇక్కడ ఉద్యోగం లేదు.

ఆయన ఆ ఖాళీ రోజులను దిగులుతో గడపలేదు. బొంబాయికి దగ్గర సముద్రపు ఒడ్డున కిహిం అనే ఊళ్లో ఉంటూ, ఆ వానకాలమంతా గిజిగాళ్లను గమనిస్తూ రాసుకున్నారు. ఆ వ్యాసం ఆయనకు మంచి పేరు తెచ్చింది. తరువాత సంస్థానాలకు తానే రాసి, ఖర్చులు మాత్రం భరిస్తే జీతం లేకుండా పక్షుల సర్వే చేస్తానన్నారు. అలా 1931-32లో మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిగింది. 1976లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. ఉద్యోగం లేని మనిషి ఖాళీగా ఉండనక్కరలేదని గిజిగాడు ఆయనకు నేర్పిందో, ఆయనే గిజిగాడికి తోడు దొరికారో చెప్పలేం. ఇద్దరిదీ ఒకటే గుణం. ఒక గూడు కూలితే మరో గూడు.

గాలి మారితే

మధ్యాహ్నం ఎండలో గద్ద ఎగరడం చూడండి. రెక్క ఆడించకుండానే చక్కర్లు కొడుతూ పైకి పోతుంది. నేల వేడెక్కి పైకి లేచే గాలిని అది వాడుకుంటుంది. గాలి దిశ మారగానే తోకను మెలిపెట్టి దారి మార్చుకుంటుంది. గాలితో పోట్లాడదు, గాలికి కొట్టుకుపోదు.

కొన్ని దశాబ్దాలుగా మన కుటుంబాల మీద కూడా గాలి మారింది. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి బతికినవారు ఉన్నారు. స్టీలు, అల్యూమినియం గిన్నెలు వచ్చాక వీధిలో కళాయి కేక వినిపించడం అరుదైపోయింది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టాయి. మిల్లు పరుపులు, ఫోం పరుపులు వచ్చాక ఆ పనీ తగ్గిపోయింది. చేతి గడియారాలు బాగుచేసేవారి ముందు సెల్‌ఫోను వచ్చి కూర్చుంది. ఇది ఎవరి తప్పూ కాదు. కాని అక్కడే ఆగిపోవడం మాత్రం మన తప్పే అవుతుంది. సన్నని స్క్రూలు తిప్పిన చేయి సెల్‌ఫోను కూడా విప్పగలదు. పరుపు కుట్టిన చేయి సోఫా కుట్టగలదు. నేర్చుకోవాలన్న మనసు ఉండాలి, చిన్నవాడి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడకూడదు.

చేతి పని చిన్నతనమని అనుకునేవారు హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)ను తలచుకోవాలి. ఆయన ప్రవక్త, రాజు కూడా. అయినా తన చేతి కష్టంతోనే తినేవారని బుఖారీ హదీసు చెబుతోంది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచాడని, ఆయన యుద్ధ కవచాలు తయారుచేసేవారని ఖుర్ఆన్ (సబా: 10, 11) తెలియజేస్తోంది. ఆయన దైవ స్తోత్రం చేస్తుంటే పర్వతాలు, పక్షులు గొంతు కలిపేవని కూడా అక్కడే ఉంది. పక్షులు గొంతు కలిపింది పని చేసే మనిషితోనే అన్న సంగతి మరవకూడదు.

చురుకుదనం వేరు, తొందరపాటు వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చురుకుదనం అంటే ఊరికే అటూ ఇటూ పరుగెత్తడం కాదు. లకుముకిపిట్టను చూడండి. చెరువు మీదికి వంగిన కొమ్మపై చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది. కన్ను మాత్రం నీటి మీదే ఉంటుంది. సమయం రాగానే బాణంలా దూకి చేపతో పైకి వస్తుంది. అది కదలకుండా ఉన్న సేపు కూడా పనిలోనే ఉంది.

నింపాదితనం అల్లాహ్ నుంచి, తొందరపాటు షైతాను నుంచి వస్తాయని తిర్మిజీ హదీసు బోధిస్తుంది. జమాఅత్ మొదలైనా సరే, నమాజుకు పరుగెత్తుకుంటూ రావద్దని, ప్రశాంతంగా నడిచి రమ్మని ప్రవక్త (స) చెప్పారు. అలాగని ఆయన నడక మందకొడి నడక కాదు. పల్లంలోకి దిగుతున్నవారిలా చురుగ్గా నడిచేవారని హజ్రత్ అలీ (రజి) వర్ణించారు. మనసు నింపాదిగా, కాలు చురుగ్గా ఉండటమే ఆయన పద్ధతి. రాత్రికి రాత్రి డబ్బు రెట్టింపు చేస్తామన్న స్కీముల్లో ఇంట్లో నగలు తాకట్టు పెట్టి చేరేవారిది చురుకుదనం కాదు. అది నీటిలో తన నీడను చూసి దూకడం.

ఖుర్ఆన్‌లో చురుకైన పక్షి అంటే ముందుగా గుర్తొచ్చేది హుద్‌హుద్. మనం కూకుడుగువ్వ అని పిలిచే, తల మీద కుచ్చు ఉండే పిట్ట. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) తన సేనలోని పక్షులను పరిశీలించినప్పుడు అది కనిపించలేదు. తగిన కారణం చూపకపోతే శిక్ష తప్పదన్నారు. కాసేపటికి అది వచ్చింది. సబా దేశం నుంచి నిశ్చయమైన వార్త తెచ్చానని విన్నవించింది. అక్కడి రాణి సంగతి, ఆ జాతి సూర్యుణ్ణి పూజించే సంగతి కళ్లారా చూసినది చూసినట్లు చెప్పింది. అయినా సులైమాన్ (అలైహిస్సలాం) వెంటనే నమ్మలేదు. నిజమో కాదో చూస్తామని చెప్పి దాని చేతనే ఉత్తరం పంపారు (అన్ నమ్ల్: 20-28).

చిన్న పిట్ట దూరదేశం వెళ్లింది, చూసి వచ్చింది, ప్రభువు ముందు జంకకుండా నిజం చెప్పింది. వినేవాడు ప్రవక్త అయినా విచారించాకే అడుగు వేశారు. ఇవాళ మన చేతిలోని ఫోను హుద్‌హుద్ కన్నా వేగంగా వార్తలు మోస్తోంది. చూడని సంగతి, తెలియని సంగతి ఒక్క వేలి తాకిడితో వందమందికి పోతోంది. ఒక తప్పుడు వార్త ఊళ్లో ఎంత చిచ్చు పెట్టగలదో మనకు తెలుసు. వచ్చిన వార్తను విచారించమని అల్ హుజురాత్ సూరా (ఆయతు: 6) ఆజ్ఞాపిస్తోంది. వేలు చురుకైతే చాలదు, దాని వెనుక వివేకం కూడా ఉండాలి.

ఏడుగురు ఇరుగుపొరుగు

ఇంతవరకు ఒక్క పక్షి సంగతి చెప్పుకున్నాం. గుంపుగా ఎగిరే పక్షుల చురుకుదనం ఇంకా ఆశ్చర్యకరం. స్టార్లింగ్ అనే గోరింక జాతి పక్షులు చలికాలంలో రోం నగరం మీద వేల సంఖ్యలో సాయంత్రం వేళ ఎగురుతాయి. డేగ మీదికి వస్తే అన్నీ ఒకే శరీరంలా పక్కకు తిరుగుతాయి. ఒకదానికొకటి తగలదు. కేక వేసి నడిపే నాయకుడూ కనిపించడు. ఇటలీ శాస్త్రజ్ఞులు ఫోటోలు తీసి లెక్కకట్టి 2008లో ఒక సంగతి వెల్లడించారు. ప్రతి పక్షీ తనకు దగ్గరగా ఉన్న ఆరేడు పక్షులను మాత్రమే కనిపెట్టుకుని ఉంటుంది. ఆ ఆరేడు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. అంతమాత్రం చేత వేల పక్షుల గుంపు ఒక్కటిగా నిలుస్తుంది.

నమాజు వరుసలో భుజం భుజం కలిపి నిలబడే మనకు ఇది తేలిగ్గా అర్థం కావాలి. కాని సలాం తిప్పి బయటికి రాగానే మన పక్కవాడి సంగతి మనకు పట్టదు. ప్రతి ఇల్లూ తన చుట్టూ ఉన్న ఏడు ఇళ్లను కనిపెట్టుకుని ఉంటే మొహల్లాలో ఏ పిల్లవాడు బడి మానేశాడో, ఏ వితంతువు ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలియకుండా పోతుందా? పొరుగువాడు పస్తుండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాదన్న ప్రవక్త (స) బోధ మనకు కొత్తది కాదు. ఆ ఏడు ఇళ్లలో హిందూ సోదరుని ఇల్లు ఉన్నా పొరుగు హక్కు పొరుగు హక్కే.

రెండు పక్షుల కథ

చివరగా ఒక పాత సంఘటన. హిజ్రీ రెండవ శతాబ్దంలో బల్ఖ్ నగరంలో షఖీఖ్ బల్ఖీ (రహ్మ) అనే మహనీయుడు ఉండేవారు. ఆ నగరం నేటి అఫ్ఘానిస్తాన్‌లో ఉంది. ఆయన వ్యాపారానికని బయల్దేరి, వెళ్లిన కొద్ది రోజులకే తిరిగి వచ్చారట. ఇబ్రాహీం బిన్ అద్‌హం (రహ్మ) ఆయనను కలిసి కారణం అడిగారు. దారిలో ఒక పాడుబడిన చోట ఆగానని, అక్కడ కుంటిదీ గుడ్డిదీ అయిన ఒక పక్షిని చూశానని షఖీఖ్ చెప్పారు. అది ఎలా బతుకుతోందా అని చూస్తుండగా మరో పక్షి వచ్చి నోటితో దానికి ఆహారం అందించిందట. ఈ దిక్కులేని పక్షికి ఉపాధి ఇచ్చినవాడు తనకు ఇవ్వడా అనుకుని వెనుదిరిగి వచ్చేశానన్నారు.

ఇబ్రాహీం (రహ్మ) ఆశ్చర్యపోయారు. నువ్వు చూసింది రెండు పక్షులను గదా, నీ పోలికకు ఆ కుంటి పక్షినే ఎందుకు ఎంచుకున్నావు, దానికి తిండి తెచ్చిపెట్టిన పక్షివి కావాలని ఎందుకు అనుకోలేదు అని అడిగారు. పుచ్చుకునే చేతికన్నా ఇచ్చే చేయి మేలన్న ప్రవక్త (స) బోధను గుర్తుచేశారు. షఖీఖ్ లేచి ఆయన చేయి ముద్దుపెట్టుకుని, నువ్వే నా గురువువని చెప్పి మళ్లీ వ్యాపారానికి వెళ్లిపోయారని చెబుతారు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. కుంటి పక్షికి కూడా అల్లాహ్‌యే తినిపించాడు. కాని ఎలా? రెక్కలున్న మరో పక్షి ద్వారా. అంటే మనకు ఇచ్చిన రెక్క మన కడుపు కోసం మాత్రమే కాదు. అందులో మంచాన పడిన తండ్రి వాటా ఉంది, చిన్న చెల్లెలి చదువు వాటా ఉంది, వీధి చివర అనాథ వాటా ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడు పడుకుంటే ఒక్కడే ఆకలితో ఉండడు. అతని ద్వారా అందవలసిన వాళ్లంతా ఎదురుచూస్తూ ఉండిపోతారు. రెక్క లేనివాడు కూర్చుంటే తప్పు లేదు, అతనిది మనం తీర్చవలసిన హక్కు. రెక్క ఉన్నవాడు కూర్చోవడమే తప్పు.

అమ్మీ, అబ్బాలకు కూడా ఒక మాట. పక్షి తన పిల్లకు కొన్నాళ్లు నోటికి అందిస్తుంది. రెక్కలు వచ్చాక నోటికి అందించడం తగ్గించి, కొమ్మ మీదికి పిలుస్తుంది. ఇరవై అయిదేళ్ల కొడుకు మంచం దగ్గరికే టీ తీసుకెళ్లే ప్రేమ అతని రెక్కలు కత్తిరిస్తుంది. ఆడపిల్ల విషయంలో మరో పొరపాటు చేస్తాం. ఆమెకు చదువు అబ్బుతున్నా రెక్క విప్పనివ్వం. గువ్వల్లో ఆడా మగా రెండూ పిల్లల కోసం పాటుపడతాయి.

జుమా అజాన్ వినగానే కొనుగోలు, అమ్మకాలు వదిలి దైవ స్మరణకు త్వరపడమని ఖుర్ఆన్ ఆదేశిస్తుంది. ఆ వెంటనే, నమాజు ముగిశాక భూమి మీద విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని వెదుక్కోమని కూడా ఆదేశిస్తుంది (అల్ జుముఅ: 9, 10). పిలుపు వినగానే చేరడం, పని కాగానే నలుదిక్కులా వెళ్లడం, ఈ రెండూ పక్షులకు పుట్టుకతో వచ్చాయి. మనకు ఆజ్ఞగా వచ్చాయి.

తన జాతికి తెల్లవారుజామున బర్కత్ ప్రసాదించమని ప్రవక్త (స) దుఆ చేశారు. ఆ హదీసును ఉల్లేఖించిన సఖర్ గామిదీ (రజి) ఒక వర్తకుడు. ఆయన తన సరకును పొద్దున్నే పంపేవారని, అలా సంపన్నుడయ్యారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ దుఆ ఇప్పటికీ ప్రతి ఉదయం మన గుమ్మం ముందు ఉంటుంది. మనం తలుపు తీసేసరికి ఎండ ఎక్కుతోంది.

రేపు ఫజర్ తరువాత మళ్లీ పడుకోకుండా పిల్లలను మిద్దె మీదికి తీసుకెళ్లండి. ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి, గుప్పెడు జొన్నలు చల్లండి. పక్షులు వచ్చి తాగి, తిని, ఎగిరిపోతాయి. అవి ఎటు వెళ్లాయో పిల్లలను చూడమనండి. ఆ తరువాత ఎవరి పనికి వాళ్లు బయల్దేరండి.